పడవ ఇంజిన్‌కి ఏ కార్బ్యురేటర్? సీఎఫ్‌ఎం కంటే ముందు చూడాల్సినవి

పవర్‌బోట్ ఇంజిన్‌కి కార్బ్యురేటర్, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం, మార్చాలనుకునే వాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఒకటే, ఎన్ని సీఎఫ్‌ఎంది తీసుకోవాలి అని. అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి దానిగుండా పోగలదు అనే లెక్క. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే నాలుగోదిగా అడగాలి. అంతకంటే ముందు ఇది అసలు పడవ కోసం చేసిన కార్బ్యురేటరేనా, ఇంజిన్ మీదున్న మానిఫోల్డ్‌కి (ఆ మిశ్రమాన్ని సిలిండర్లకి పంచే గొట్టాల భాగానికి) సరిగ్గా కూర్చుంటుందా, ఆ ఇంజిన్ ఎక్కువ సమయం ఎంత బరువు లాగుతూ తిరుగుతుంది, ఈ మూడూ తేలాలి. ఇవి వదిలేసి డబ్బా మీద అంకె చూసి కొంటే పికప్ తగ్గడం, పెట్రోల్ ఎక్కువ తాగడం లాంటివి చిన్న నష్టాలే. పిస్టన్ కరిగిపోవడం, పడవ అంటుకోవడం అనేవి కూడా ఈ ఎంపికతోనే ముడిపడి ఉన్నాయి, అందుకే కాస్త వివరంగా చూడాలి.

కారుకి వాడే కార్బ్యురేటర్, పడవకి వాడేది పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. చాలాసార్లు కంపెనీ ఒకటే, బాడీ పోత కూడా ఒకటే. కారుది చవకగా దొరుకుతుంది కాబట్టి అదే బిగించేద్దాం, తేడా ఏముంది అనిపిస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఒక చిన్న నలుసుని ఊహించుకోండి. పెట్రోల్‌తో పాటు వచ్చిన ఆ నలుసు ఫ్లోట్ బౌల్, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె, దగ్గర నీడిల్ వాల్వ్ కింద ఇరుక్కుంది. గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేస్తే ఈ వాల్వ్ మూసుకుని పెట్రోల్ ఆపాలి. ఫ్లోట్ పైకి లేచినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు, పంపు తోస్తూనే ఉంటుంది, బౌల్ నిండిపోయి పెట్రోల్ వెంట్‌లోంచి, అంటే గాలి ఆడే గొట్టంలోంచి, పొంగుతుంది. కారులో అయితే అది ఇంజిన్ మీదుగా కారి కింద నేల మీద పడుతుంది, కొంత ఆవిరై గాలిలో కలిసిపోతుంది, వాసన వచ్చి మనకి తెలుస్తుంది. అక్కడా ప్రమాదమే, కానీ గాలి ఆడుతుంది. పడవలో ఇంజిన్ మూత వేసిన పెట్టెలో ఉంటుంది, దాని కింద బిల్జ్, అంటే పడవ అడుగుభాగం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అది పైకి తేలి బయటికి పోదు, కిందకి దిగి బిల్జ్‌లోనే పేరుకుపోతుంది. ఆ తర్వాత స్టార్టర్‌లోనో ఏదో స్విచ్‌లోనో ఒక్క నిప్పురవ్వ చాలు.

పడవ కార్బ్యురేటర్‌లో చాలా మార్పులు ఈ పొంగిన పెట్రోల్‌ని బయటికి పోనివ్వకుండా, నిప్పు అంటకుండా చేసినవే. బౌల్ వెంట్ గొట్టాలు జె అక్షరంలా వంగి ఉంటాయి, పొంగిన పెట్రోల్ బయట కారకుండా తిరిగి కార్బ్యురేటర్ నోట్లోకే పడుతుంది. అప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువైపోయి తడబడి ఆగిపోతుంది, నిజానికి కావాల్సింది కూడా అదే. థ్రాటిల్, అంటే గాలిని తెరిచి మూసే తలుపు, తిరిగే షాఫ్ట్‌కి గాడి పెడతారు, షాఫ్ట్ చివర నుంచి బయటికి ఊరాల్సిన పెట్రోల్ ఆ గాడి వెంట లోపలికే వెళ్తుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే ఎలక్ట్రిక్ చోక్ కూడా ఆవిరిని అంటించకుండా సీల్ చేసిన రకం. పైన ఎయిర్ ఫిల్టర్ బదులు ఫ్లేమ్ అరెస్టర్ ఉంటుంది, ఇంజిన్ బ్యాక్‌ఫైర్ కొడితే, అంటే మంట కార్బ్యురేటర్ గుండా వెనక్కి తన్నితే, ఆ మంట లోహపు పొరల మధ్య వేడి కోల్పోయి అక్కడే ఆరిపోతుంది. కాగితపు ఎయిర్ ఫిల్టర్‌కి ఆ పని చేతకాదు, పైగా అదే అంటుకుంటుంది.

ఇదేదో అతి జాగ్రత్త అనుకోవద్దు. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల్లో పడవ కార్బ్యురేటర్‌కి లెక్క రాసిపెట్టి ఉంది. ఫ్లోట్ వాల్వ్ తెరుచుకుపోయి, థ్రాటిల్ సగంలో ఉండి, పంపు తన గరిష్ఠ ఒత్తిడితో తోస్తున్నా 30 సెకన్లలో 5 ఘన సెంటీమీటర్ల కంటే ఎక్కువ పెట్రోల్ బయటికి కారకూడదు. అంటే ఒక టీస్పూను. కారు కార్బ్యురేటర్‌ని ఈ పరీక్ష పాసయ్యేలా చేయలేదు, చేయాల్సిన అవసరం దానికి లేదు కూడా. కాబట్టి ఇంజిన్ పెట్టె లోపల ఉండే ఏ పడవకైనా కారు కార్బ్యురేటర్ వద్దు, ఎవరు ఎంత చవకగా ఇచ్చినా సరే. వెంట్ గొట్టాలు మనమే వంచుకుంటే సరిపోతుంది కదా అనే వాళ్లున్నారు, షాఫ్ట్ సంగతి, చోక్ సంగతి ఏం చేస్తారో మాత్రం చెప్పరు.

తర్వాతి సంగతి బరువు. దీన్ని చాలామంది పట్టించుకోరు, ఇంజిన్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కారు వేగం అందుకున్నాక యాక్సిలరేటర్ మీద కాలు దాదాపు ఊరికే ఆని ఉంటుంది, 5.7 లీటర్ల పెద్ద ఇంజిన్ ఉన్న కారుకైనా నిలకడగా పోవడానికి 20, 30 హార్స్‌పవర్ చాలు. పల్లంలో కాలు తీస్తే ఇంజిన్‌కి విశ్రాంతి. పడవకి పల్లం లేదు, గేర్లు మార్చడం లేదు. నీళ్లు ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటాయి, నిండా బరువేసుకుని ఆగకుండా కొండ ఎక్కుతున్న లారీ లాంటిది దాని బతుకు. ప్రొపెల్లర్‌కి కావాల్సిన శక్తి సుమారుగా ఆర్‌పీఎం ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే 4800 దగ్గర పూర్తి శక్తి ఇచ్చే ఇంజిన్ 4000 దగ్గర అందులో దాదాపు 58 శాతం ఇస్తూ ఉంటుంది, మిగతా 42 శాతం చివరి 800 ఆర్‌పీఎంలోనే అయిపోతుంది. అలా గంటల తరబడి సగం శక్తితో, కొన్నిసార్లు పూర్తి శక్తితో తిరగాల్సిన ఇంజిన్‌కి మిశ్రమం కాస్త లీన్ అయినా, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైనా, దహనగదిలో వేడి పెరిగి నాకింగ్, అంటే పెట్రోల్ తనంతట తానే పేలి కొట్టుకోవడం, మొదలవుతుంది. కారులో అయితే నాకింగ్ చెవికి వినిపిస్తుంది, కాలు తీస్తాం. పడవలో గాలి హోరు, నీళ్ల చప్పుడు, ఎగ్జాస్ట్ మోత మధ్య ఏమీ వినిపించదు, పిస్టన్ తలకి చిల్లు పడ్డాక పొగ రూపంలో తెలుస్తుంది.

అందుకే పడవ కార్బ్యురేటర్లలో జెట్లు, అంటే పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాలు, అదే సైజు కారు కార్బ్యురేటర్ కంటే రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువ పోయేలా వేస్తారు. పెట్రోల్ ఆదా అవుతుందని జెట్ సైజు తగ్గించడం అన్నిటికంటే ఖరీదైన పొదుపు. హోలీ కంపెనీ రకం కార్బ్యురేటర్లలో పవర్ వాల్వ్ అని ఒకటుంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్, అంటే ఇంజిన్ పీల్పు బలం, ఒక స్థాయి కంటే పడిపోతే అది తెరుచుకుని అదనపు పెట్రోల్ ఇస్తుంది. దాని మీదున్న అంకె ఆ స్థాయిని చెబుతుంది, 6.5 అంటే వాక్యూమ్ 6.5 అంగుళాల పాదరసానికి పడినప్పుడు తెరుచుకుంటుంది. కారులో మామూలు వేగంలో వాక్యూమ్ బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టి సమస్య రాదు. బరువైన పడవ మామూలు వేగంలోనే ఆ అంకె చుట్టూ ఆడుతుంటే వాల్వ్ ఒకసారి తెరుచుకుని ఒకసారి మూసుకుని ఇంజిన్ నిలకడగా లాగదు. వాక్యూమ్ గేజ్ ఒకటి తగిలించి, ఎప్పుడూ ఉండే మనుషులు, సామాను, ట్యాంక్ నిండా పెట్రోల్‌తో ఒకసారి తిప్పి అంకె రాసుకుంటే ఏ వాల్వ్ వేయాలో ఊహించాల్సిన పని ఉండదు.

ఇప్పుడు సీఎఫ్‌ఎం. లెక్క తేలికే. ఇంజిన్ సైజుని ఘనపు అంగుళాల్లో తీసుకుని గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగించాలి, వచ్చిన దాన్ని ఇంజిన్ నిజంగా ఎంత నిండుగా గాలి పీలుస్తుందో ఆ శాతంతో గుణించాలి. మార్పులు చేయని ఇంజిన్‌కి 80 నుంచి 85 శాతం వేసుకోవచ్చు. బాగా వాడుకలో ఉన్న 5.7 లీటర్ల వీ8 అంటే 350 ఘనపు అంగుళాలు, 4800 ఆర్‌పీఎం. లెక్క వేస్తే 486, అందులో 85 శాతం 413. 4.3 లీటర్ల వీ6కి, అంటే 262 ఘనపు అంగుళాలకి, 309 వస్తుంది. 7.4 లీటర్ల పెద్ద బ్లాక్, 454 ఘనపు అంగుళాలది, 536. మూడు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి 210 చుట్టూ వస్తుంది.

413 కావాల్సిన చోట 600 ఎందుకు పెడతారు మరి? ఎందుకంటే సీఎఫ్‌ఎం అంకె ఒక స్థిరమైన వాక్యూమ్ దగ్గర కొలిచినది. నాలుగు బారెళ్ల, అంటే నాలుగు గాలి రంధ్రాల, కార్బ్యురేటర్‌ని 1.5 అంగుళాల పాదరసం దగ్గర కొలుస్తారు. అంటే సరిగ్గా 413 అంకె ఉన్నది పెడితే పూర్తి థ్రాటిల్‌లో కూడా కార్బ్యురేటర్ కింద 1.5 అంగుళాల వాక్యూమ్ మిగిలి, ఆ మేర ఇంజిన్ ఊపిరి బిగపట్టినట్టే. కొంచెం పెద్దది పెడితే ఆ అడ్డు తగ్గుతుంది. కాబట్టి 5.7కి 600, 7.4కి 750 అనేది ఊరికే వాడుకలోకి వచ్చిన మాట కాదు, దాని వెనక లెక్క ఉంది. అక్కడితో ఆగాలి. 5.7 మీద 750 మెకానికల్ సెకండరీది, అంటే వెనక బారెళ్లు లివర్‌తోనే నేరుగా తెరుచుకునేది, పెట్టి హార్స్‌పవర్ పెరిగిందని చెప్పుకునే వాళ్లకి పెరిగేది ఎక్కువగా పెట్రోల్ ఖర్చే. కార్బ్యురేటర్ గొంతులో గాలి వేగంగా పోతేనే పెట్రోల్‌ని పీల్చుకుని సన్నటి తుంపరగా మార్చగలదు, గొంతు పెద్దదైతే గాలి వేగం పడిపోయి పెట్రోల్ బొట్లు బొట్లుగా పోతుంది, స్లోలో ఇంజిన్ నిలబడదు, డాక్ దగ్గర గేర్ వేయగానే ఆగిపోతుంది. పక్కనున్న పడవకి తగలకుండా నెమ్మదిగా ఆనించాల్సిన సమయంలో ఇంజిన్ ఆగిపోవడం ఎంత టెన్షనో నడిపిన వాళ్లకే తెలుసు.

ఇక్కడే ఇంకో మెలిక. రెండు బారెళ్ల కార్బ్యురేటర్లని 1.5 దగ్గర కాదు, 3 అంగుళాల దగ్గర కొలుస్తారు. ఎక్కువ వాక్యూమ్‌తో పీలిస్తే ఎక్కువ గాలి వస్తుంది కాబట్టి దాని అంకె పెద్దగా కనిపిస్తుంది. రెండింటినీ పోల్చాలంటే రెండు బారెళ్ల అంకెని 1.414తో భాగించాలి. 500 అని రాసున్న రెండు బారెళ్లది నాలుగు బారెళ్ల లెక్కలో 354 మాత్రమే. ఇది తెలియక 500 నుంచి 600కి మారితే కొంచెమే తేడా కదా అనుకుంటారు, నిజానికి అది చాలా పెద్ద గెంతు, పైగా మానిఫోల్డ్ కూడా మార్చాలి.

మానిఫోల్డ్ విషయం తొందరగా చెప్పుకోవచ్చు. నాలుగు బారెళ్లలో నాలుగు రంధ్రాలూ దాదాపు ఒకే సైజు ఉండేవి స్క్వేర్‌బోర్, ముందు రెండు చిన్నవి, వెనక రెండు బాగా పెద్దవి ఉండేవి స్ప్రెడ్‌బోర్. రోచెస్టర్ కంపెనీ క్వాడ్రాజెట్ స్ప్రెడ్‌బోర్, హోలీ, ఎడెల్‌బ్రాక్ కంపెనీలవాటిలో పడవలకి మామూలుగా వాడేవి స్క్వేర్‌బోర్. ఒకదాని మీద ఇంకోటి పెట్టడానికి అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి, కానీ ప్లేట్ మందం వల్ల కార్బ్యురేటర్ పైకి లేస్తుంది, ఫ్లేమ్ అరెస్టర్ ఇంజిన్ మూతకి తగులుతుంది లేదా గాలి తీసుకునే ఖాళీ తగ్గిపోతుంది. కొనేముందు ఆ ఖాళీ కొలుచుకోవాలి. ఇంకోటి, పడవలో ఇంజిన్‌ని చాలావరకు వెనక్కి వంచి బిగిస్తారు, కార్బ్యురేటర్ మాత్రం నీటికి సమంగా కూర్చోవాలి, అందుకే మానిఫోల్డ్ మీద కార్బ్యురేటర్ కూర్చునే చోటు వాలు ఇంజిన్ వంపుకి సరిపోవాలి. వాలు సరిపోని మానిఫోల్డ్ తెచ్చి పెడితే ఫ్లోట్లు ఎప్పుడూ వాలులోనే ఉండి ఒక బౌల్‌లో పెట్రోల్ మట్టం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ అవుతుంది.

సెకండరీలు, అంటే వెనక రెండు బారెళ్లు, ఎలా తెరుచుకుంటాయి అన్నది సీఎఫ్‌ఎం కంటే కూడా ముఖ్యం. వాక్యూమ్ సెకండరీ అయితే వెనక బారెళ్లు ఇంజిన్ నిజంగా గాలి అడిగినప్పుడే తెరుచుకుంటాయి, లివర్ ఒక్కసారిగా ముందుకి తోసినా తొందరపడవు. ఎడెల్‌బ్రాక్, క్వాడ్రాజెట్‌లలో సెకండరీ థ్రాటిల్‌తో పాటే తెరుచుకున్నా పైనున్న గాలి తలుపు ఇంజిన్ పీల్పుని బట్టి తెరుచుకుంటుంది, ఫలితం దాదాపు అదే. అందుకే 750 క్వాడ్రాజెట్ 5.7 మీద కూడా మర్యాదగా నడుస్తుంది, అది తనకి కావాల్సినంతే తెరుచుకుంటుంది. మెకానికల్ సెకండరీ, డబుల్ పంపర్ అనేవి లివర్ తోస్తే అంతా తెరిచేస్తాయి. తేలికైన పడవ, కామ్ (వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్) మార్చిన ఇంజిన్, వేగం కోసమే నడిపేవాళ్లు అయితే అది బాగుంటుంది. కుటుంబంతో తిరిగే బరువైన పడవ నీటి మీదకి లేచేటప్పుడు 2000, 3000 ఆర్‌పీఎం మధ్య గింజుకుంటుంది, సరిగ్గా అక్కడ గాలి ఒక్కసారి ఎక్కువైపోతే ఇంజిన్ బొక్కబోర్లా పడుతుంది. సందేహం ఉంటే వాక్యూమ్ సెకండరీయే తీసుకోవాలి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒక మాట. ఇంజిన్‌లో మార్పులేమీ చేయకపోతే ఫ్యాక్టరీ ఏ కార్బ్యురేటర్ పెట్టిందో అదే మళ్లీ పెట్టడం, లేదా ఉన్నదాన్నే విప్పి శుభ్రం చేసి కొత్త గాస్కెట్లు, వాల్వ్‌ల కిట్ వేయించడం అన్నిటికంటే మంచి ఎంపిక. ఆ జెట్లు, ఆ చోక్, ఆ కేబుల్ బ్రాకెట్ ఆ ఇంజిన్‌కి, ఆ బరువుకి చూసి పెట్టినవి. హోలీకి గాలి నోటి దగ్గర లిస్ట్ నంబర్ కొట్టి ఉంటుంది, క్వాడ్రాజెట్‌కి బాడీ పక్కన నిలువుగా ఉంటుంది, ఎడెల్‌బ్రాక్‌కి ముందువైపు అడుగున. ఆ నంబర్‌తో వెతికితే సరైనదే దొరుకుతుంది. పాతది బాగు చేయించే ముందు థ్రాటిల్ షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడాలి, ఆట బాగా ఉంటే ఎన్ని కిట్లు వేసినా పక్కనుంచి దొంగ గాలి పోతూనే ఉంటుంది, దాన్ని వదిలేయడమే మేలు. పడవ వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లలోనైతే ఎంపిక అనేదే పెద్దగా లేదు, సిలిండర్‌కి ఒకటి చొప్పునో రెండింటికి ఒకటో ఉండే ఆ చిన్న కార్బ్యురేటర్లని పార్ట్ నంబర్ ప్రకారమే మార్చాలి. పాత టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటే ఆయిల్ కూడా పోతుంది కాబట్టి ఒక్క జెట్ మూసుకుపోయినా ఆ సిలిండర్ లీన్ అవడంతో పాటు ఎండిపోయి పట్టేస్తుంది.

అసలు తప్పు కార్బ్యురేటర్‌దేనా అనేది కూడా చూసుకోవాలి. ఇంజిన్ పూర్తి ఆర్‌పీఎం అందుకోవడం లేదంటే చాలాసార్లు కారణం ప్రొపెల్లర్. పిచ్, అంటే ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ ముందుకి జరగాల్సిన దూరం, ఒక అంగుళం ఎక్కువైతే 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుంది, పడవ అడుగున నాచు పట్టినా అంతే. పూర్తి వేగంలో కాసేపు లాగి ఆ తర్వాత నీరసపడుతుంటే ట్యాంక్ దగ్గరుండే యాంటీ సైఫన్ వాల్వ్ (గొట్టం తెగినా పెట్రోల్ తనంతట కారిపోకుండా ఆపేది) ఇరుక్కుని ఉండొచ్చు, నీళ్లు వేరుచేసే ఫిల్టర్ నిండి ఉండొచ్చు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఎక్కువ రోజులు నిలవ ఉంటే నీటిని పీల్చుకుని అడుగున వేరే పొరగా విడిపోతుంది, కొత్త కార్బ్యురేటర్ పెట్టినా అదే నీళ్లు అందులోకీ వస్తాయి. కార్బ్యురేటర్ చిన్నదా అనేది తేల్చడానికి మళ్లీ ఆ వాక్యూమ్ గేజే సాక్షి. పూర్తి థ్రాటిల్‌లో, గరిష్ఠ ఆర్‌పీఎంలో మానిఫోల్డ్ వాక్యూమ్ అంగుళం లోపే ఉంటే కార్బ్యురేటర్ అడ్డు కాదు, పెద్దది పెట్టినా ఏమీ రాదు. ఒకటిన్నర దాటి ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు, అది కూడా ఫ్లేమ్ అరెస్టర్ కడిగి మళ్లీ చూశాక.

కొత్తది బిగించాక పెట్రోల్ ఒత్తిడి తప్పకుండా కొలవాలి. ఎడెల్‌బ్రాక్ రకానికి 5.5 నుంచి 6 పీఎస్ఐ దాటకూడదు, హోలీ 7 వరకు ఓర్చుకుంటుంది, అంతకు మించితే నీడిల్ వాల్వ్ ఆపలేక పొంగడం మొదలవుతుంది. మెకానికల్ పంపు నుంచి కార్బ్యురేటర్‌కి వచ్చే సన్నటి పారదర్శక గొట్టం ఉంటే దాన్ని కొత్త కార్బ్యురేటర్‌కి కూడా కలపాలి, మూసేయకూడదు. పంపులో డయాఫ్రమ్ చిరిగితే ఆ పెట్రోల్ బిల్జ్‌లోకి కాకుండా ఆ గొట్టంలోకి వస్తుంది, అందులో చుక్క కనిపించినా పంపు మార్చేయాల్సిందే. ఎత్తైన ప్రాంతపు సరస్సులో నడిపేటట్టయితే గాలి పలుచన కాబట్టి సుమారు ప్రతి 2000 అడుగులకి జెట్ ఒక సైజు తగ్గించొచ్చు, కిందకి తెచ్చినప్పుడు మళ్లీ పాత జెట్లే వేయాలి, మర్చిపోతే లీన్ అయ్యే ప్రమాదం. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజిన్ మూత తెరిచి ఉంచి, ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, కనీసం 4 నిమిషాలు తిప్పి, గొట్టాల కీళ్లన్నీ చేత్తో తడిమి తడి లేదని చూశాక తాళం తిప్పాలి. తర్వాత కాసేపు పూర్తి థ్రాటిల్‌లో లాగించి, అక్కడే ఇంజిన్ ఆపి స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూడాలి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే జెట్లు సరిపోయినట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే ఆ రోజుకి మళ్లీ థ్రాటిల్ నొక్కకుండా నెమ్మదిగా ఒడ్డుకి తెచ్చి పెద్ద జెట్లు వేయాలి.